స్పిన్ కరెంట్‌ను పుట్టించేదే దాన్ని మింగేస్తుంది

సంక్షిప్తంగా: ఎలక్ట్రాన్ ఆవేశంతో పాటు స్పిన్ అనే గుణాన్ని కూడా మోస్తుంది. ఆవేశం నికరంగా కదలకుండా స్పిన్ మాత్రమే ఒక దిక్కుకు ప్రవహిస్తే దాన్ని శుద్ధ స్పిన్ కరెంట్ అంటారు. అయస్కాంతం అవసరం లేకుండా దాన్ని పుట్టించే ప్రధాన సాధనం స్పిన్-ఆర్బిట్ కప్లింగ్, అంటే ఎలక్ట్రాన్ కదలికకూ దాని స్పిన్‌కూ మధ్య ఉండే ముడి. పుట్టిన స్పిన్‌ను కొన్ని నానోమీటర్లలోనే చెరిపేసేదీ అదే. ఈ రంగంలోని సిద్ధాంత వివాదాలు, కొలతల్లో కనిపించే తేడాలు, చిప్‌ల డిజైన్‌లో తప్పని రాజీలు చాలావరకు ఇక్కడి నుంచే వచ్చాయి.

కొత్త తరం మెమరీ చిప్‌ల గురించి రాసేటప్పుడు "వేడి పుట్టని విద్యుత్తు", "ఆవేశం లేని కరెంట్" అన్న మాటలు తేలిగ్గా వాడేస్తున్నారు. ఏఐ డేటా సెంటర్ల కరెంటు వాడకం గురించి ఆందోళన పెరిగే కొద్దీ ఈ మాటలకు గిరాకీ కూడా పెరిగింది. వాటిలో కొంత నిజం ఉంది, కానీ షరతులతో కూడిన నిజం. ఆ షరతులేమిటో తెలియాలంటే స్పిన్ కరెంట్ ఎలా పుడుతుందో, ఎలా పోతుందో రెండూ చూడాలి.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుంటే మంచిది. అమరావతి క్వాంటమ్ వ్యాలీని 2025లో ప్రకటించాక స్పిన్, క్యూబిట్, క్వాంటమ్ అన్న పదాలు ఒకే గాటన పడుతున్నాయి. అక్కడ ఏర్పాటు చేస్తామని చెప్పిన ఐబీఎం యంత్రంలోని క్యూబిట్లు, అంటే క్వాంటమ్ కంప్యూటర్ బిట్లు, సూపర్ కండక్టర్ సర్క్యూట్లతో చేసినవి. వాటిలో సమాచారం ఎలక్ట్రాన్ స్పిన్‌లో ఉండదు. స్పిన్‌తో పనిచేసే క్యూబిట్లు వేరే ఉన్నాయి గానీ, అదీ ఈ వ్యాసం విషయం కాదు. ఇక్కడ చెప్పుకునే స్పింట్రానిక్స్ మామూలు 0, 1 బిట్లనే చిన్న అయస్కాంతాల్లో దాచే విద్య. సాధారణ గది ఉష్ణోగ్రతలోనే పనిచేయాలన్నది దాని లక్ష్యం.

## ఏది ప్రవహిస్తోంది?

1922లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అసమానమైన అయస్కాంత క్షేత్రం గుండా పంపితే అది రెండుగా చీలింది. ఆ చీలికకు సరైన అర్థం 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ స్పిన్ భావనను ప్రతిపాదించిన తర్వాతే దొరికింది. ఎలక్ట్రాన్‌కు తనదైన కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. ఏ దిశలో కొలిచినా దానికి రెండే విలువలు వస్తాయి. వాటినే అప్, డౌన్ అంటున్నాం.

మామూలు తీగలో రెండు రకాలూ సమానంగా ఉంటాయి, సమానంగా కదులుతాయి. అందుకే ఆవేశం ప్రవహిస్తుంది, స్పిన్ మాత్రం నికరంగా ప్రవహించదు. దీనికి తిరగేసిన పరిస్థితిని ఊహించడానికి పోర్టుకు వెళ్లే రోడ్డు తీసుకుందాం. గంటకు వంద లారీలు సరుకుతో పోర్టు వైపు, మరో వంద ఖాళీగా వెనక్కి వెళ్తున్నాయి. లారీలను లెక్కపెడితే నికర కదలిక సున్నా. సరుకు మాత్రం పోర్టుకు చేరుతూనే ఉంది. అప్ స్పిన్ ఎలక్ట్రాన్లు కుడికి, అంతే సంఖ్యలో డౌన్ స్పిన్ ఎలక్ట్రాన్లు ఎడమకు వెళ్తే జరిగేది ఇదే. నిజానికి డౌన్ ఎడమకు వెళ్లడం కూడా స్పిన్ లెక్కలో అప్ కుడికి వెళ్లడంతో సమానం కాబట్టి రెండు వరుసలూ సరుకు మోస్తున్నట్టే.

"వేడి లేదు" అన్న ప్రచారంలోని లోపం కూడా ఈ ఉదాహరణలోనే దొరుకుతుంది. నిండు లారీ అయినా, ఖాళీ లారీ అయినా డీజిల్ తాగుతుంది. లోహంలో కుడికి వెళ్లే ఎలక్ట్రాన్లూ, ఎడమకు వెళ్లేవీ పరమాణువుల కంపనాలకూ మలినాలకూ తగిలి శక్తి పోగొట్టుకుంటూనే ఉంటాయి. నికర ఆవేశ ప్రవాహం సున్నా అయినంత మాత్రాన నష్టం సున్నా కాదు. పైగా ఆ స్పిన్ కరెంట్‌ను పుట్టించడానికి చాలా సందర్భాల్లో మామూలు కరెంటే పంపాలి.

ఇంకో తేడా ఉంది. ఆవేశ కరెంట్ ఏ దిశలో పోతోందో చెబితే సరిపోతుంది. స్పిన్ కరెంట్‌కు రెండు దిశలు చెప్పాలి: ప్రవాహం ఎటు, మోస్తున్న స్పిన్ ఎటు చూస్తోంది. ఈ రెండో దిశ మధ్యలో మారిపోగలదు. తర్వాత వచ్చే తలనొప్పులన్నిటికీ మూలం ఇదే.

స్పిన్ అసమానత తెచ్చే తేలికైన దారి అయస్కాంత లోహం. కోబాల్ట్, ఇనుము గుండా వెళ్లే కరెంట్‌లో ఒక రకం స్పిన్ వాటా ఎక్కువగా ఉంటుంది. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా కనుగొన్న జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్ (అయస్కాంత పొరల దిశలను బట్టి విద్యుత్ నిరోధం బాగా మారడం) దీని మీదే ఆధారపడింది. 1997 నుంచి హార్డ్ డిస్కుల రీడ్ హెడ్‌లలో అది వాడకంలోకి వచ్చింది. 2007లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఇందులో స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ ప్రధాన పాత్ర ఏమీ లేదు. అయస్కాంతం లేకుండా స్పిన్‌లను విడదీయాలనుకున్నప్పుడే అది రంగంలోకి వస్తుంది.

## స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ అంటే

కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ వేగంగా కదులుతోంది. ఎలక్ట్రాన్ వైపు నుంచి చూస్తే కదిలేది కేంద్రకమే. కదిలే ఆవేశం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది కాబట్టి ఎలక్ట్రాన్‌కు తన సొంత కదలిక వల్లే ఒక అయస్కాంత క్షేత్రం ఉన్నట్టు తోస్తుంది. దాని స్పిన్ ఒక చిన్న అయస్కాంతం కాబట్టి ఆ క్షేత్రానికి స్పందిస్తుంది. కదలిక దిశకూ, స్పిన్ దిశకూ ముడి పడటం అంటే ఇదే. ఈ సరళమైన లెక్క వేస్తే ప్రయోగంలో కనిపించేదానికి రెట్టింపు విలువ వస్తుంది. త్వరణంలో ఉన్న ఎలక్ట్రాన్ చట్రం కూడా తిరుగుతుందన్న సాపేక్షతా ప్రభావాన్ని చేర్చి 1926లో థామస్ ఆ సగం తేడాను సరిచేశాడు. 1928లో డిరాక్ సమీకరణం నుంచి మొత్తం ఫలితం దానంతట అదే వచ్చింది.

దీని ఆనవాలు సోడియం ఆవిరి దీపం పసుపు కాంతిలోనే ఉంది. ఆ కాంతిని మంచి వర్ణపటదర్శినితో చూస్తే ఒక గీత కాకుండా 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర జంట గీతలు కనిపిస్తాయి. స్పిన్ కక్ష్యతో పాటు ఒకే వైపు చూస్తోందా, ఎదురుగా చూస్తోందా అన్నదాన్ని బట్టి శక్తిలో వచ్చే తేడా అది.

పరమాణువు బరువెక్కే కొద్దీ కప్లింగ్ వేగంగా పెరుగుతుంది. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న పరమాణువు లెక్కలో అది పరమాణు సంఖ్య నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఘనపదార్థాల్లో బయటి ఎలక్ట్రాన్లకు పెరుగుదల అంత తీవ్రంగా ఉండదు గానీ దిశ అదే. సిలికాన్‌లో దీనివల్ల శక్తి పట్టీల్లో (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణుల్లో) వచ్చే చీలిక సుమారు 44 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. జర్మేనియంలో దాదాపు 290, గాలియం ఆర్సెనైడ్‌లో సుమారు 340. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే. అంటే ఈ చీలికలు వేడి గందరగోళంలో కొట్టుకుపోయేంత చిన్నవి కావు.

సాపేక్షతా ప్రభావం ఇంత పెద్దగా ఎలా ఉంటుందన్న సందేహం న్యాయమైనదే. శూన్యంలో తిరిగే ఎలక్ట్రాన్‌కు ఈ ప్రభావాన్ని నిర్ణయించే శక్తి అంతరం, ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటను పుట్టించడానికి కావాల్సిన దాదాపు పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. సెమీకండక్టర్‌లో ఆ స్థానాన్ని ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ స్థాయి పట్టీ అంతరం తీసుకుంటుంది. పైగా ఎలక్ట్రాన్ తరంగం కేంద్రకాలకు అతి దగ్గరగా, క్షేత్రం చాలా బలంగా ఉన్న చోటికి వెళ్లి వస్తుంది. శూన్యంలో లెక్కకు రానిది స్ఫటికంలో లక్షల రెట్లు పెరగడానికి కారణం ఇదే.

స్ఫటికం అమరిక కూడా ముఖ్యమే. కేంద్ర సౌష్ఠవం ఉన్న (ఒక బిందువు చుట్టూ ఎదురెదురు దిక్కుల్లో ఒకేలా కనిపించే), అయస్కాంతం కాని పదార్థంలో ఒక వేగంతో వెళ్లే అప్, డౌన్ ఎలక్ట్రాన్లకు శక్తి సమానంగానే ఉంటుంది. ఆ సౌష్ఠవం లేని స్ఫటికాల్లో రెండూ విడిపోతాయని డ్రెసెల్‌హౌస్ 1955లో చూపించాడు. పలుచని పొరలు, ఉపరితలాల దగ్గర పైకీ కిందికీ తేడా ఉండటం వల్ల వచ్చే ఇలాంటి విభజనకు భౌతిక శాస్త్రవేత్త రష్బా పేరు స్థిరపడింది. బైచ్‌కోవ్‌తో కలిసి 1984లో ఆయన రాసిన రూపమే ఇప్పటికీ అందరూ వాడేది. రష్బా విభజనను గేట్ వోల్టేజీతో పెంచి తగ్గించవచ్చు. 1990లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో సుప్రియో దత్తా, బిశ్వజిత్ దాస్ ప్రతిపాదించిన స్పిన్ ట్రాన్సిస్టర్ ఆలోచనకు ఆధారం అదే. ఆ ట్రాన్సిస్టర్ ఇప్పటికీ వాడకంలోకి రాలేదు. అయస్కాంత లోహం నుంచి సెమీకండక్టర్‌లోకి స్పిన్‌ను సమర్థంగా ఎక్కించడమే మొదటి అడ్డంకి అయింది.

## హాల్ నుంచి స్పిన్ హాల్ దాకా

1879లో ఎడ్విన్ హాల్ అయస్కాంత క్షేత్రంలో ఉంచిన లోహపు రేకు గుండా కరెంట్ పంపితే పక్కకు వోల్టేజీ పుట్టింది. రెండేళ్ల తర్వాత ఇనుములో ఈ ప్రభావం చాలా పెద్దగా ఉందని ఆయనే గమనించాడు. అందుకు కారణం తేలడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. 1954లో కార్‌ప్లస్, లటింజర్ దాన్ని స్పిన్-ఆర్బిట్ కప్లింగ్‌తో వివరించారు. కప్లింగ్ వల్ల అప్ ఎలక్ట్రాన్లు ఒక పక్కకు, డౌన్ ఎలక్ట్రాన్లు ఇంకో పక్కకు ఒరుగుతాయి. ఇనుములో ఒక రకం ఎక్కువ కాబట్టి ఒక పక్కన ఆవేశం పోగవుతుంది.

అయస్కాంతం కాని లోహంలో రెండు రకాలూ సమానమైతే? ఒరగడం ఆగదు. పక్కలకు చేరే ఆవేశాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, స్పిన్‌లు మాత్రం ఎదురెదురు అంచుల్లో పోగవుతాయి. ఈ ఊహను 1971లో లెనిన్‌గ్రాడ్‌లోని ఐయోఫే సంస్థలో ద్యాకొనోవ్, పెరెల్ ప్రచురించారు. దాదాపు మూడు దశాబ్దాలు అది పెద్దగా ఎవరి కంటా పడలేదు. 1999లో హోర్హే హిర్ష్ దాన్ని మళ్లీ ప్రతిపాదించి స్పిన్ హాల్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. పరిశోధకుల ప్రభావాన్ని లెక్కగట్టే హెచ్-ఇండెక్స్‌ను తర్వాత కనిపెట్టింది కూడా ఈయనే. ఆ 1971 నాటి పేపర్ కథ చూస్తే అలాంటి కొలతలు దేన్ని పట్టుకోలేవో కూడా అర్థమవుతుంది.

ఒరగడం ఎందుకు జరుగుతుందన్న దానికి రెండు తరగతుల కారణాలున్నాయి. మొదటిది మలినాల వల్ల వచ్చేది. ఎలక్ట్రాన్ ఒక మలిన పరమాణువు పక్క నుంచి వెళ్తున్నప్పుడు కుడి నుంచి వెళ్తే కక్ష్య తిరుగుడు ఒక దిశలో, ఎడమ నుంచి వెళ్తే ఎదురు దిశలో ఉంటుంది. స్పిన్ దానితో కలిస్తే ఒక శక్తి, ఎదురైతే మరో శక్తి. కాబట్టి అప్ స్పిన్‌కు ఒక పక్కకు చెదిరే అవకాశం కాస్త ఎక్కువ, డౌన్ స్పిన్‌కు ఇంకో పక్కకు.

రెండో తరగతి మలినాలే లేకపోయినా స్ఫటికం తనంతట తాను చేసేది. 2003లో మురకామి, నగవోసా, షౌచెంగ్ జాంగ్, 2004లో సినోవా బృందం దీన్ని విడివిడిగా ప్రతిపాదించారు. రష్బా పొరలో ప్రతి ఎలక్ట్రాన్‌కూ దాని వేగానికి లంబంగా ఒక అంతర్గత క్షేత్రం ఉంటుంది, స్పిన్ దాని వెంటే ఉంటుంది. వోల్టేజీ పెట్టగానే ఎలక్ట్రాన్ వేగం దిశ మారుతుంది, ఆ క్షేత్రం కూడా తిరుగుతుంది. స్పిన్ వెంటనే అనుసరించలేక కాస్త పొర బయటికి ఒరుగుతుంది. ఒక పక్కకు వెళ్తున్నవాటికి పైకి, ఎదురు పక్కకు వెళ్తున్నవాటికి కిందికి. ఫలితం, అడ్డంగా పారే స్పిన్ కరెంట్.

"నష్టం లేని" అన్న విశేషణం మొదలైంది ఈ సిద్ధాంతాలతోనే. కాలాన్ని వెనక్కి నడిపితే ఆవేశ కరెంట్ దిశ తిరగబడుతుంది, వోల్టేజీ మారదు. రెంటినీ కలిపే నియమంలో కాలం దిశను గుర్తించే ఏదో ఒకటి, అంటే వేడి రూపంలో నష్టం, ఉండి తీరాలి. స్పిన్ కరెంట్ విషయంలో వేగమూ తిరగబడుతుంది, స్పిన్ కూడా తిరగబడుతుంది కాబట్టి మొత్తం మారదు. అందువల్ల ఆ అడ్డ ప్రవాహానికి సూత్రరీత్యా నష్టం అక్కర్లేదు. అయితే ఆ వోల్టేజీ పెట్టినప్పుడు నిలువునా పారే మామూలు కరెంట్ మామూలుగానే వేడి పుట్టిస్తుంది. శీర్షికల్లో రాలిపోయింది ఈ రెండో వాక్యమే.

ప్రయోగాలు వెంటనే వచ్చాయి. 2004లో శాంటా బార్బరాలో ఆష్కలోమ్ బృందం చల్లబరిచిన గాలియం ఆర్సెనైడ్ పట్టీ మీద లేజర్ కాంతిని పడేసి, తిరిగొచ్చే కాంతి ధ్రువణం ఎంత తిరిగిందో చూసింది. రెండు అంచుల్లో ఎదురెదురు స్పిన్‌లు పోగై కనిపించాయి. ఇంచుమించు అదే సమయంలో కేంబ్రిడ్జ్‌లోని హిటాచీ ల్యాబ్‌లో వుండర్‌లిక్ బృందం హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ధనావేశంలా కదిలేవి) ఉన్న పలుచని పొర అంచున ఎల్ఈడీని అమర్చి, అందులోంచి వచ్చే కాంతికి ఒక శాతం దరిదాపుల్లో వృత్తాకార ధ్రువణం ఉందని చూపింది. కరెంట్ దిశ మారిస్తే ఆ ధ్రువణం కూడా తిరగబడింది. మొదటిది మలినాల తరగతికి, రెండోది స్ఫటికపు తరగతికి దగ్గరగా ఉందన్నది ఆ బృందాల అభిప్రాయం. ఆసక్తికరమైన సంగతేమిటంటే దీనికి తిరగేసిన ప్రభావం, అంటే స్పిన్ ప్రవాహం నుంచి వోల్టేజీ పుట్టడం, ఐయోఫేలోనే 1984లో కాంతి ప్రయోగాల్లో కనిపించింది. 2006లో సైతో బృందం ప్లాటినంలో, వాలెన్‌జువేలా, టింకామ్ అల్యూమినియంలో దాన్ని విద్యుత్ పద్ధతుల్లో కొలిచాక ప్రతి ల్యాబ్‌కూ అది చేతికందే పనిముట్టు అయింది.

## అంచులో కనిపించింది దారిలో కూడా ఉందా?

ఈ ప్రయోగాల్లో ఎవరూ స్పిన్ కరెంట్‌ను నేరుగా కొలవలేదు. అంచుల్లో పోగైన స్పిన్‌నో, దాని నుంచి పుట్టిన వోల్టేజీనో కొలిచి లోపల ఎంత పారి ఉంటుందో అంచనా కట్టారు. ఆవేశానికి అమ్మీటర్ ఉన్నట్టు స్పిన్‌కు అలాంటి మీటర్ లేదు. ఉండటం కష్టం కూడా.

ఆవేశానికి నిత్యత్వ నియమం ఉంది. ఒక చోటికి వచ్చినదంతా అక్కడ పోగవ్వాలి, లేదా బయటికి వెళ్లాలి. మాయం కాదు. స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ ఉన్న పదార్థంలో స్పిన్‌కు ఆ హామీ లేదు. కప్లింగ్ స్పిన్‌ను తిప్పేస్తుంది, ఆ కోణీయ ద్రవ్యవేగం స్ఫటికంలోకి వెళ్లిపోతుంది. సరుకు దారి పొడుగునా కారిపోతున్న లారీల లెక్క ఇది. బయలుదేరిన చోట ఒక లెక్క, చేరిన చోట ఇంకో లెక్క.

సిద్ధాంతంలో ఇది ఎంత దూరం వెళ్లిందంటే స్పిన్ కరెంట్ నిర్వచనమే వివాదంలో పడింది. అందరూ వాడే సూత్రంలో స్పిన్‌ను వేగంతో గుణిస్తారు. ఆ సూత్రం ప్రకారం వోల్టేజీ ఏమీ పెట్టని, సమతాస్థితిలో ఉన్న రష్బా పొరలో కూడా స్పిన్ కరెంట్ సున్నా కాదని స్వయంగా రష్బాయే 2003లో చూపించాడు. ఎటూ ఏమీ మోయని కరెంట్‌ను కరెంట్ అనవచ్చా? 2006లో జున్రెన్ షీ, పింగ్ జాంగ్, డి షియావో, చియాన్ నియు ఇంకో నిర్వచనం సూచించారు. దారిలో స్పిన్‌ను తిప్పే టార్క్‌ను కూడా లెక్కలో కలిపితే నిత్యత్వ నియమం తిరిగి వస్తుంది. సాపేక్షంగా చక్కని పరిష్కారమే, కానీ టార్క్ మొత్తం మీద సున్నాకు సరిపడే పదార్థాల్లోనే అది సాఫీగా పనిచేస్తుంది.

సినోవా బృందం లెక్కకు ఎదురైన అనుభవం మరింత పాఠం చెబుతుంది. ఆదర్శ రష్బా పొరలో స్పిన్ హాల్ వాహకత ఎలక్ట్రాన్ ఆవేశాన్ని 8π తో భాగించగా వచ్చే విలువ అని, పదార్థం వివరాలతో పనిలేదని ఆ లెక్క చెప్పింది. అదే ఏడాది ఇనోవే, బావర్, మోలెన్‌కాంప్ అందులో కొద్దిపాటి మలినాలను సరైన పద్ధతిలో చేర్చి చూస్తే జవాబు సున్నా వచ్చింది. తగ్గడం కాదు, పూర్తిగా సున్నా. కారణం తర్వాత సులువుగానే అర్థమైంది. ఆ నమూనాలో పొర తలంలోని స్పిన్ మారే వేగం, స్పిన్ కరెంట్ ఒకదానికొకటి అనులోమానుపాతంలో ఉంటాయి. నిలకడైన స్థితిలో స్పిన్ మారకూడదు కాబట్టి స్పిన్ కరెంట్ కూడా ఉండకూడదు. హోల్స్ ఉన్న పొరల్లో కప్లింగ్ రూపం వేరు, అక్కడ ఈ రద్దు జరగదు. అందుకే కేంబ్రిడ్జ్ ప్రయోగానికి దీనివల్ల ఇబ్బంది రాలేదు.

లోహాల్లో ఇదే సమస్య కొలతల రూపంలో వచ్చింది. పంపిన ఆవేశ కరెంట్‌లో ఎంత భాగం స్పిన్ కరెంట్‌గా మారుతుందో చెప్పే సంఖ్యను స్పిన్ హాల్ కోణం అంటారు. ప్లాటినానికి ఈ విలువ ఒక శాతం లోపు నుంచి పది శాతం పైదాకా వేర్వేరు ల్యాబ్‌లు ప్రకటించాయి. స్పిన్ చెరిగిపోకుండా వెళ్లగల దూరానికి కూడా ఒక నానోమీటర్ నుంచి పది నానోమీటర్ల దాకా విలువలున్నాయి. రెండూ కలిపి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. దూరం ఎక్కువని తీసుకున్నవారికి కోణం తక్కువ వచ్చింది, దూరం తక్కువని తీసుకున్నవారికి కోణం ఎక్కువ. చాలా ప్రయోగాలు నిజంగా పట్టుకోగలిగేది ఈ రెండింటి లబ్ధాన్నే. దానికి తోడు ప్లాటినం, కోబాల్ట్ కలిసే సరిహద్దులోనే కొంత స్పిన్ చెరిగిపోతుంది. ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకున్నామా లేదా అన్నదాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. నమూనా శుభ్రంగా ఉందా లేదా అన్నది ఇంకో కారణం.

రాగితో పోలిస్తే విషయం స్పష్టమవుతుంది. రాగిలో కప్లింగ్ ప్రభావం బలహీనం, అందుకే గది ఉష్ణోగ్రతలో కూడా స్పిన్ వందల నానోమీటర్లు ప్రయాణిస్తుంది. కానీ శుద్ధ రాగి స్పిన్ కరెంట్‌ను పుట్టించలేదనే చెప్పాలి. ప్లాటినం పుట్టిస్తుంది, అంత దూరం మోయలేదు. బరువు ఒక్కటే నిర్ణయిస్తుందనుకోవడం కూడా పొరపాటే. బంగారం పరమాణు సంఖ్య 79, ప్లాటినానిది 78. అయినా బంగారం స్పిన్ హాల్ కోణం చిన్నది, ఎందుకంటే దాని డి-ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం కక్ష్యలు) నిండిపోయి శక్తిలో కిందికి వెళ్లాయి. టాంటలం, టంగ్‌స్టన్‌లలో ఆ ఆర్బిటాళ్లు సగం కంటే తక్కువ నిండి ఉంటాయి. అక్కడ కోణం గుర్తే మారిపోతుంది, స్పిన్‌లు ప్లాటినంలో కంటే ఎదురు పక్కలకు ఒరుగుతాయి.

## చిప్‌లో లెక్క

ఇంత త్వరగా చెరిగిపోయే ప్రవాహంతో ఉపయోగం ఏమిటి? అది ఎక్కువ దూరం వెళ్లాల్సిన అవసరమే లేని చోట వాడటం. కొన్ని నానోమీటర్ల మందం ఉన్న ప్లాటినం లేదా టాంటలం పొర మీద నానోమీటర్ మందం అయస్కాంత పొర పెడతారు. కింద పొరలో కరెంట్ అడ్డంగా పారితే స్పిన్ పైకి వెళ్లి అయస్కాంతంలోకి చేరి దాన్ని తిప్పేస్తుంది. 2011లో గ్రెనోబుల్‌లో మిరోన్ బృందం ప్లాటినం-కోబాల్ట్ పొరల్లో, 2012లో కార్నెల్‌లో రాల్ఫ్, బుర్మన్ బృందం టాంటలంతో దీన్ని చూపించారు. దీని పేరు స్పిన్-ఆర్బిట్ టార్క్. మొదటి బృందం దీన్ని ప్రధానంగా సరిహద్దులోని రష్బా ప్రభావంగా చదివింది, రెండోది టాంటలం లోపలి స్పిన్ హాల్ ప్రభావంగా చదివింది. ఏ వాటా ఎంతన్నది పదార్థాన్ని బట్టి, మందాన్ని బట్టి మారుతుంది.

దీనికి ముందున్న పద్ధతిలో, అంటే 1996లో స్లొన్‌చెవ్‌స్కీ, బెర్గెర్ ప్రతిపాదించిన స్పిన్ ట్రాన్స్‌ఫర్ టార్క్‌లో, రాసే కరెంట్ మెమరీ కణం నిలువునా అతి పలుచని ఆక్సైడ్ పొర గుండానే వెళ్లాలి. ప్రతి రాతకూ ఆ పొర అరుగుతుంది. పైగా ఒక ఎలక్ట్రాన్ మహా అయితే ఒక ఎలక్ట్రాన్ మోయగల స్పిన్‌ను మాత్రమే అందిస్తుంది. స్పిన్-ఆర్బిట్ పద్ధతిలో రాసే కరెంట్ ఆక్సైడ్‌ను తాకదు. అంతకన్నా ముఖ్యం, జ్యామితి కలిసొస్తుంది. కరెంట్ పొర అడ్డుకోతలోంచి పారుతుంది, స్పిన్ మాత్రం పై ఉపరితలం మొత్తం మీద నుంచి పైకి వెళ్తుంది. స్పిన్ హాల్ కోణం 0.15, పొర మందం 5 నానోమీటర్లు, కణం పొడవు 100 నానోమీటర్లు అనుకుంటే పంపిన ఒక్కో ఎలక్ట్రాన్‌కు మూడు ఎలక్ట్రాన్ల స్పిన్ అందుతుంది. అదే ఎలక్ట్రాన్ పదేపదే సరిహద్దుకు స్పిన్ తెచ్చిపెట్టడం వల్ల ఇది సాధ్యం.

ఈ లాభంలో కొంత వెంటనే ఖర్చవుతుంది. ఎక్కువ కోణం ఇచ్చే టాంటలం, టంగ్‌స్టన్‌ల బీటా రూపాలకు (వాటి ఒక రకం స్ఫటిక అమరికకు) విద్యుత్ నిరోధం ఎక్కువ. బీటా టాంటలం నిరోధం రాగి కంటే సుమారు వంద రెట్లు. కాబట్టి వేడి పుట్టని విద్యుత్తు అన్న శీర్షిక కింద నిజంగా ఉన్నది బాగా వేడెక్కే లోహపు పట్టీ. ఆదా వచ్చేది వేరే చోట: రాత నానోసెకన్‌లోపు పూర్తవుతుంది, కరెంట్ పోయినా బిట్ పోదు, ఖాళీగా ఉన్నప్పుడు మెమరీకి విద్యుత్తు అక్కర్లేదు. ఇప్పుడు ప్రాసెసర్ల లోపల వాడే ఎస్‌ర్యామ్ ఒక బిట్‌కు ఆరు ట్రాన్సిస్టర్లు తీసుకుంటుంది, ఊరికే ఉన్నా కరెంట్ లీక్ చేస్తూనే ఉంటుంది. స్పిన్-ఆర్బిట్ మెమరీ రాతకూ చదువుకూ వేర్వేరు దారులు కావాలి కాబట్టి సాధారణంగా రెండు ట్రాన్సిస్టర్లు తీసుకుంటుంది. ఒకటే ట్రాన్సిస్టర్‌తో సరిపెట్టుకునే పాత రకం ఎంర్యామ్ (అయస్కాంత మెమరీ) కంటే ఇది ఎక్కువ చోటు తింటుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. దట్టంగా అమర్చడానికి అనువైనవి పైకీ కిందికీ చూసే అయస్కాంతాలు. పక్కకు పడుకున్న స్పిన్‌లు వచ్చి తగిలితే అలాంటి అయస్కాంతం కూడా పక్కకు ఒరుగుతుంది. పైకి తిరగాలా కిందికి తిరగాలా అన్నది తేల్చడానికి బయట నుంచి చిన్న అయస్కాంత క్షేత్రం ఇవ్వాలి. చిప్ లోపల అది ఇవ్వడం ఇబ్బందే కాబట్టి పక్కన మరో అయస్కాంత పొర పెట్టడం, సౌష్ఠవం తక్కువ ఉన్న స్ఫటికాలు వాడటం వంటి ఉపాయాల మీద పని జరుగుతోంది. స్పిన్ ట్రాన్స్‌ఫర్ రకం ఎంర్యామ్ ఇప్పటికే మార్కెట్లో ఉండగా, స్పిన్-ఆర్బిట్ రకం ఎక్కువగా నమూనా చిప్‌ల దశలో ఉండటానికి ఇదొక కారణం.

దూరం పంపాల్సిన చోట వేరే వాహనం ఉంది. 2010లో కజివారా, సైతో తదితరులు యిట్రియం ఐరన్ గార్నెట్ అనే అయస్కాంత ఇన్సులేటర్ మీద ఒక ప్లాటినం పట్టీ నుంచి మరో ప్లాటినం పట్టీకి మిల్లీమీటర్ దూరం సంకేతం పంపారు. గార్నెట్‌లో ఎలక్ట్రాన్లు కదలవు, స్పిన్ తరంగాలు మాత్రమే కదులుతాయి. ఆవేశం లేని ప్రవాహం అన్న మాట అక్షరాలా సరిపోయేది ఇక్కడే. రెండు చివర్లా మాత్రం మళ్లీ ప్లాటినమే, దాని నష్టాలే. చేరిన సంకేతం కూడా అతి బలహీనం.

## కప్లింగ్ లేకుండా కుదురుతుందా?

గత కొన్నేళ్లుగా పరిశోధన ఈ ప్రశ్న వైపు జరిగింది. ఒక దారి ఆర్బిటల్ హాల్ ఎఫెక్ట్. ఇందులో పక్కలకు ఒరిగేది స్పిన్ కాదు, ఎలక్ట్రాన్ కక్ష్య వల్ల వచ్చే కోణీయ ద్రవ్యవేగం. దానికి స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ అక్కర్లేదు కాబట్టి తేలిక లోహాలూ పనికొస్తాయి. పరమాణు సంఖ్య 22 ఉన్న టైటానియంలో దీన్ని కాంతి పద్ధతిలో చూసినట్టు 2023లో కొరియా పరిశోధకులు ప్రకటించారు. చవకైన లోహంతో పని జరిగితే పరిశ్రమకు మేలే. అయితే కక్ష్యా ప్రవాహం నేరుగా అయస్కాంతాన్ని తిప్పలేదు, ముందు అది స్పిన్‌గా మారాలి. ఆ మార్పు చేసేది మళ్లీ స్పిన్-ఆర్బిట్ కప్లింగే, ఈసారి అయస్కాంత పొరలోనో పక్క పొరలోనో.

ఇంకో దారి ఆల్టర్‌మాగ్నెట్లు. బయటికి నికర అయస్కాంతత్వం లేకపోయినా, స్ఫటిక సౌష్ఠవం వల్ల అప్, డౌన్ ఎలక్ట్రాన్ల పట్టీలు విడిపోయి ఉండే పదార్థాలివి. 2022లో ష్మెయ్‌కల్, సినోవా, యుంగ్‌విర్త్ వీటిని ప్రత్యేక తరగతిగా నిర్వచించారు. ఈ విభజనకు కప్లింగ్ అవసరం లేదు, దాని పరిమాణం కూడా పెద్దది. మాంగనీస్ టెల్యురైడ్‌లో అది ఉన్నట్టు 2024లో బలమైన ఆధారాలు వచ్చాయి. తొలి రోజుల్లో అందరూ ఉదాహరణగా చూపిన రుథీనియం డైఆక్సైడ్ కథ మాత్రం అడ్డం తిరిగింది. మ్యువాన్ (ఎలక్ట్రాన్‌ను పోలిన, బరువైన కణం) ప్రయోగాలు అందులో అసలు అయస్కాంత అమరికే కనిపించడం లేదన్నాయి. పలుచని పొరల్లో పరిస్థితి వేరు కావచ్చన్న వాదన నడుస్తోంది.

ఆర్బిటల్ హాల్ వల్ల పాత ఫలితాలను కూడా మళ్లీ చదవాల్సి వస్తోంది. లెక్కల ప్రకారం టాంటలం, టంగ్‌స్టన్‌లలో కక్ష్యా ప్రవాహం స్పిన్ ప్రవాహం కంటే పెద్దది, పైగా దాని గుర్తు ఎదురు. పై అయస్కాంత పొరగా కోబాల్ట్ పెట్టారా, నికెల్ పెట్టారా అన్నదాన్ని బట్టి కక్ష్య నుంచి స్పిన్‌గా మారే పాలు మారుతుంది. అలాంటప్పుడు ఒక లోహానికి చెందినదని పట్టికల్లో రాసుకున్న స్పిన్ హాల్ కోణంలో ఎంత ఆ లోహానిది, ఎంత దాని మీద కూర్చున్న అయస్కాంతానిది అన్నది ఒక్క జంట పొరల ప్రయోగంతో తేలదు. ఒకే లోహం మీద అయస్కాంతాలను మార్చి మార్చి, మందాలు పెంచి తగ్గించి చేసే ప్రయోగాలు ఇప్పుడు ఎక్కువవడానికి కారణం అదే.